మీకు తెలుసా? పదమూడంటే పన్నెండూ ఒకటీ

పూండి స్టేషన్‌లో విశాఖ వైపు ప్యాసింజర్ ఎక్కితే కాసేపట్లోనే నౌపడా వస్తుంది. అక్కడ ఇంకో లైను విడిపోయి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరుతుంది. 1900లో పర్లాకిమిడి సంస్థానం వేయించిన చిన్న రైలు దారి అది. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయి గుణుపురం దాకా నడుస్తోంది. ఇంట్లో ఒక భాష, బళ్లో ఇంకో భాష అయితే పసివాళ్లకు చదువు ఎలా చెప్పాలి? ఆ ప్రశ్న పట్టుకుని జీవితమంతా తిరిగిన బడిపంతులు ఆ పర్లాకిమిడిలోనే ఉండేవారు.

ఆ పంతులే గిడుగు వెంకట రామమూర్తి. ఆయన పేరు చెప్పగానే మనకు వాడుక భాష ఉద్యమం గుర్తొస్తుంది. ఆ ఉద్యమానికి చాలా ముందే ఆయన సవర భాష పట్టుకున్నారని మీకు తెలుసా? 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగంలో చేరారు. కొండల మీది సవరల మాట ఆయన్ని లాగింది. నేర్చుకుందామంటే నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఒక్కొక్క మాటా విని రాసుకున్నారు. అడవుల్లో తిరిగితే విషజ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్‌తో చెవుడు వచ్చింది, జీవితాంతం పోలేదు. వినికిడి మీదే ఆధారపడిన పనిలో ఉన్న మనిషికి అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా పని ఆపలేదు. సవరలో వాచకాలు రాశారు, పాటలు కథలు పోగుచేశారు, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేస్తాం, ప్రతిఫలం ఎంత కావాలి అని అడిగితే, నాకు డబ్బు వద్దు, ఆ డబ్బుతో సవరలో చదువు చెప్పే బడి పెట్టండి అన్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.

సవర తెలుగుకు చుట్టం కాదు. ముండా భాషల్లో ఒకటి. దూరపు బంధువులను వెతకాలంటే కంబోడియా ఖ్మేరు దాకా, వియత్నాం దాకా వెళ్లాలి. మందస, మెళియాపుట్టి కొండల్లో పుట్టి ఒకటో తరగతిలో కూర్చున్న గుంటడికి మన తెలుగే అసలైన విదేశీ భాష.

లెక్కల సంగతి చూడండి. మనం పది దగ్గర ఆగి మళ్లీ మొదలుపెడతాం: పదమూడంటే పదీ మూడూ. సవరలో ఆగేది పన్నెండు దగ్గర. పదమూడంటే పన్నెండూ ఒకటీ. ఆ తర్వాత మెట్టు ఇరవై. ముప్పై మూడు చెప్పాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి అని పేర్చాలి. ఇలాంటి లెక్క ప్రపంచంలో చాలా అరుదు. ఇప్పుడు బోర్డు మీద పదులు, ఒకట్లు గీసి పదమూడు చెబుతున్న మాస్టారిని ఊహించుకోండి. ఎదుట ఉన్న పిల్లవాడు తెల్లమొహం వేస్తే వాడికి కూడిక రాదని అనుకుంటారు. వాడికి కూడిక వచ్చు. ఇంట్లో నేర్చిన మెట్టు వేరే చోట ఉంది, అంతే. ఈ ఒక్క సంగతి తెలిసిన టీచరు ఆ రెండు మెట్లనూ పక్కపక్కన గీసి చూపించగలరు. తెలుగు పిల్లలకు కూడా అది మంచి లెక్కల పాఠమే.

సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా. ఈ ఎనిమిది భాషల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ప్రాథమిక బడి చదువు మొదలుపెట్టింది. రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది, 1956 నుంచీ. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువు అందేలా చూడమని రాష్ట్రాలకు చెబుతుంది. ఇచ్ఛాపురం వైపు ఒడియా మీడియం బళ్లు ఉండటం ఎవరో పెట్టిన భిక్ష కాదు.

తెలుగు పిల్లలకు తెలుగు బడి కొత్త కాదు కదా అంటారా? ఉద్దానం గుంట ‘ఏటి’ అంటుంది, ‘నాను’ అంటుంది. పుస్తకంలో ‘ఏమిటి’, ‘నేను’. జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర సుమారు 1907లో ఉత్తర జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చి, తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడేదానికీ బడిలో చెప్పేదానికీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. పరాయి భాషగా తెలుగు నేర్చుకుంటున్నవాడికి ఆ తేడా తగిలింది. గిడుగు, గురజాడ ఆ ప్రశ్నను ముందుకు తీసుకెళ్లారు. ‘ఏటి’ని తప్పని కొట్టేయకుండా, పక్కన ‘ఏమిటి’ అని రాసి రెండూ చదివించే టీచరు నా లెక్కలో గిడుగు శిష్యులే.

మన తెలుగే పరాయి భాషగా చిన్న తరగతుల్లో నేర్పే దేశం ఉందని తెలుసా? మారిషస్. పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి వంటి రేవుల్లో ఓడలెక్కి చెరకు తోటల పనికి వెళ్లినవాళ్ల మునిమనవలు ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు. బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి చదువుతారు. వాటితోపాటు కావాలన్నవాళ్లకు ప్రాథమిక పాఠశాలలోనే తెలుగు ఉంటుంది. అక్కడ ఉగాదికి దేశమంతటికీ సెలవు. తెలుగు రాని పిల్లలకు కూడా ఆ పండుగ ఎవరిదో తెలుస్తుంది.

2023-24లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్లలో మూడో తరగతి నుంచే టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకు తర్ఫీదు మొదలైంది. ప్రభుత్వం మారాక ఆగింది. పిల్లలకు ఇంగ్లీషు రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ 2020 జాతీయ విద్యా విధానం కూడా కొరియన్, జపనీస్ వంటి విదేశీ భాషలను హైస్కూలు దశలో పెట్టమంది. కనీసం అయిదో తరగతి దాకా, వీలైనంతవరకు ఇంటి భాషలో చెప్పమంది. ఆ వరస సరైనదనే నా నమ్మకం.

పూండి, పలాస, మందస చుట్టుపక్కల టీచర్లకు ఒక మనవి. ఆగస్టు 29 గిడుగు పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఈసారి పద్యాలు అయ్యాక మీ తరగతిలో సవర పిల్లవాడో ఒడియా పాపో ఉంటే ముందుకు పిలవండి. ఒకటి నుంచి ఇరవై దాకా వాళ్ల భాషలో లెక్కపెట్టమనండి. మిగతా పిల్లల చేత తిరిగి చెప్పించండి.