టైగర్ ట్యాంక్‌లో వేరే ఇంజిన్.. పాత యుద్ధ వాహనాలకు సరైన నట్టు, బోల్టు దొరకడం ఎందుకంత కష్టం?

2014లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఫ్యూరీ' చూసినవాళ్లకు అందులోని జర్మన్ టైగర్ ట్యాంక్ గుర్తుండే ఉంటుంది. అది సెట్ కాదు, గ్రాఫిక్స్ అంతకంటే కాదు. ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో ఉన్న అసలు సిసలు టైగర్ 131 అది. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సైన్యానికి చిక్కింది. అయితే ఇక్కడో ట్విస్ట్ ఉంది. బయటికి కనిపించే ట్యాంక్ అదే అయినా, లోపల తిరిగే ఇంజిన్ మాత్రం దానిది కాదు.

ఆ ట్యాంక్‌తో వచ్చింది 21 లీటర్ల మేబాక్ హెచ్‌ఎల్ 210 ఇంజిన్. లోపలి భాగాలు జనానికి కనిపించాలని ఎప్పుడో దాన్ని కోసి ప్రదర్శనకు పెట్టేశారు. ఇక అది తిరిగే పరిస్థితి లేదు. అందుకే మ్యూజియంలోనే ఉన్న మరో జర్మన్ ట్యాంక్ 'కింగ్ టైగర్' నుంచి 23 లీటర్ల హెచ్‌ఎల్ 230 ఇంజిన్ తీసి ఇందులో బిగించారు. 1990లో మొదలైన ఈ పని తర్వాత, ట్యాంక్ మళ్లీ జనం ముందుకొచ్చేసరికి 2003 అయింది.

అంత పేరున్న మ్యూజియానికే ఇంత తిప్పలైతే, ఇంటి వెనక షెడ్డులో పాత ఆర్మర్డ్ కారు పెట్టుకుని సెలవు రోజుల్లో బాగుచేసుకునేవాళ్ల సంగతేంటి? బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లందరినీ ఎక్కువగా ఏడిపించేది ఇంజిన్ కాదు, ఫిరంగి కాదు. చేతిలో పట్టేంత బోల్టు, వేలెడంత పైపు ఫిట్టింగ్!

ఎక్కువమంది చేతిలో ఉన్న బండి ఇదే

పాత సైనిక వాహనాలు కొనేవాళ్లలో 'ఫెర్రెట్'కు క్రేజ్ ఎక్కువ. బ్రిటన్‌కు చెందిన డైమ్లర్ కంపెనీ 1952 నుంచి 1971 వరకు 4,400కు పైగా ఫెర్రెట్లు తయారుచేసింది. నాలుగు చక్రాలు, సుమారు నాలుగు టన్నుల బరువు, రోల్స్ రాయిస్ బీ60 పెట్రోల్ ఇంజిన్. చుట్టూ ఉక్కు కవచం ఉన్నా సైజు చిన్నదే కాబట్టి షెడ్డులో పట్టేస్తుంది. చాలా దేశాల సైన్యాలు దీన్ని వాడాయి. భారత సైన్యం కూడా వాడింది.

తయారీలో ఉన్న వాహనానికి విడిభాగం కావాలంటే ఫ్యాక్టరీని అడగొచ్చు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే 'శరత్' బీఎంపీ లాంటివాటికి డ్రాయింగులుంటాయి, తయారుచేసే మెషిన్లుంటాయి. ఫెర్రెట్ విషయంలో ఆ దారి మూసుకుపోయి 50 ఏళ్లు దాటింది. ఇప్పుడు మిగిలినవి సైన్యం అమ్మేసిన పాత స్టాకు, తుక్కుగా మారిన బండ్లు, పాత మాన్యువళ్లు, కొత్తగా తయారుచేయించిన నకళ్లు. వీటిలోంచే సరైనది వెతుక్కోవాలి.

అన్నీ ఒకేలా ఉంటాయి.. కానీ ఒకటి కావు

అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది. పావు అంగుళం బోల్టు కావాలి. డబ్బాలో పావు అంగుళం బోల్టు ఉంది. పెట్టి తిప్పితే రెండు చుట్లు హాయిగా వెళ్లింది. ఆ తర్వాత బిగుసుకుపోయింది. తుప్పేమో అనుకుని పానా వేసి గట్టిగా తిప్పితే అంతే సంగతులు. థ్రెడ్ పోతుంది.

కారణం సింపుల్. బ్రిటిష్ ఫైన్ థ్రెడ్, అంటే బీఎస్ఎఫ్ రకం పావు అంగుళం బోల్టుకు అంగుళం పొడవులో 26 చుట్లుంటాయి. అదే సైజు యూఎన్ఎఫ్ బోల్టుకు 28 ఉంటాయి. మెట్రిక్‌లో ఎం6 బోల్టు లెక్క అంగుళానికి దాదాపు 25 చుట్లు. మూడింటినీ పక్కపక్కన పెడితే కంటికి పెద్దగా తేడా తెలియదు.

ఇంతకంటే మోసం చేసేవి ఇంకో రకం. పాత బ్రిటిష్ విట్‌వర్త్ పావు అంగుళం బోల్టుకు 20 చుట్లు. యూఎన్‌సీ పావు అంగుళం బోల్టుకూ 20 చుట్లే. చాలాసార్లు ఒకదాని నట్టు ఇంకోదానికి ఎక్కేస్తుంది కూడా. కానీ విట్‌వర్త్ థ్రెడ్ కోణం 55 డిగ్రీలు, యూఎన్‌సీది 60 డిగ్రీలు. పళ్లు పూర్తిగా ఆనవు. చేతికి బిగిసినట్టే ఉంటుంది, బరువు పడ్డాక వదులవుతుంది.

ఎలక్ట్రికల్ భాగాలు, మీటర్లలో కనిపించే బీఏ స్క్రూలది మరో కథ. 0బీఏ సైజు స్క్రూ వ్యాసం 6 మిల్లీమీటర్లు, చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1 మిల్లీమీటర్. అచ్చం ఎం6 కొలతలే! కోణం మాత్రం 47.5 డిగ్రీలు. అంటే స్కేలుతో కొలిచినవాళ్లు కచ్చితంగా బోల్తా పడతారన్నమాట.

యుద్ధం నేర్పిన పాఠం

ఇన్ని రకాలు ఎందుకొచ్చాయి? 1841లో బ్రిటన్‌లో జోసెఫ్ విట్‌వర్త్ 55 డిగ్రీల థ్రెడ్‌ను ప్రతిపాదించారు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల థ్రెడ్ ముందుకు తెచ్చారు. రెండు దేశాలూ ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో రెండు సైన్యాలు ఒకే వైపు నిలబడ్డాక చిక్కొచ్చిపడింది. ఒకరి బోల్టు ఇంకొకరి బండికి పట్టదు. బ్రిటన్ రూపొందించిన మెర్లిన్ విమాన ఇంజిన్‌ను అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తయారుచేసినప్పుడు బ్రిటిష్ థ్రెడ్‌లే వాడాల్సి వచ్చింది.

చివరికి 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒకే థ్రెడ్ ప్రమాణానికి ఒప్పుకున్నాయి. యూఎన్ఎఫ్, యూఎన్‌సీ అలా వచ్చినవే. కానీ ఒప్పందం మీద సంతకం పెట్టగానే ఫ్యాక్టరీల్లోని పాత మెషిన్లన్నీ మారిపోవు కదా. 1950ల నాటి బ్రిటిష్ వాహనాల్లో ఒకే బండిలో రెండు మూడు రకాల థ్రెడ్‌లు కనిపించేది అందుకే. మధ్యలో సైన్యం వర్క్‌షాపులో ఎవరైనా చేతికందిన బోల్టు వేసేసి ఉంటే ఆ కన్ఫ్యూజన్ ఇంకా పెరుగుతుంది.

పానాలతోనూ ఇదే గొడవ. మెట్రిక్ పానా మీద ఉండే నంబరు దాని నోటి వెడల్పు. విట్‌వర్త్ పానా మీద ఉండేది బోల్టు వ్యాసం. 'పావు' అని రాసున్న విట్‌వర్త్ పానా నోరు అర అంగుళం కంటే కాస్త ఎక్కువే ఉంటుంది. దగ్గరగా ఉంది కదా అని వేరే పానా వేస్తే నట్టు అంచులు అరిగిపోవడం ఖాయం.

మెరిసేదంతా గట్టిది కాదు

కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్లు చేసే కామన్ తప్పు ఒకటుంది. పాత బోల్టులు తీసేసి తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు వేయడం. తుప్పు పట్టదు నిజమే. కానీ మామూలుగా దొరికే ఏ2-70 రకం స్టెయిన్‌లెస్ బోల్టు, తలపై 8.8 అని ఉండే ఉక్కు బోల్టు కంటే బలం తక్కువ. మూత బిగించడానికైతే ఫర్వాలేదు. స్టీరింగ్‌కో, సస్పెన్షన్‌కో వాడితే ప్రాణాలతో చెలగాటమే.

బోల్టు తలపై గుర్తులు చదవడం రావాలి. అమెరికన్ బోల్టుపై మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరుంటే గ్రేడ్ 8. మెట్రిక్‌లో 8.8, 10.9 లాంటి అంకెలుంటాయి. ఏ గుర్తూ లేని బోల్టును బరువు మోసేచోట పెట్టకపోవడమే మంచిది.

పైపు ఫిట్టింగ్, బ్రేక్.. ఇక్కడ తప్పు చేస్తే అంతే

ఇళ్లలో కుళాయి బిగించే ప్లంబర్‌కు బీఎస్‌పీ థ్రెడ్ బాగా తెలుసు. అమెరికాలో వాడేది ఎన్‌పీటీ. అర అంగుళం సైజులో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. అందుకే ఒకదానిలో ఒకటి ఎక్కుతుంది. కోణం వేరు కాబట్టి ఎంత టెఫ్లాన్ టేప్ చుట్టినా గ్యారంటీ లేదు. కుళాయి దగ్గర లీకైతే బకెట్ పెట్టుకోవచ్చు. నాలుగు టన్నుల బండిలో, వేడెక్కిన ఇంజిన్ పక్కన పెట్రోల్ పైపు లీకైతే?

బ్రేకుల్లో ఇంకో చిక్కు. కార్లలో వాడే డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ ఒక రకం. యుద్ధం తర్వాత వచ్చిన కొన్ని బ్రిటిష్ సైనిక వాహనాల బ్రేకుల్లో పోసేది మినరల్ ఆయిల్. ఒకదానికి పనికొచ్చే రబ్బరు సీలు ఇంకోదానికి పనికిరాదు. కార్ల బ్రేకులకు వాడే రబ్బరు మినరల్ ఆయిల్ తగిలితే ఉబ్బిపోతుంది. సీలు సైజు కరెక్ట్, ఫిట్టింగ్ కరెక్ట్, రబ్బరు మాత్రం తప్పు. అలాంటప్పుడు షెడ్డులో బ్రేక్ బాగానే పడుతుంది, కొన్నాళ్లకు రోడ్డు మీద హ్యాండిస్తుంది. ఆ బండి మాన్యువల్‌లో ఏ ఆయిల్ రాశారో చూడకుండా చుక్క కూడా పోయకూడదు.

చక్రాల నట్లూ అంతే. రెండు ముక్కలు కలిపి బిగించే రిమ్‌లకు రెండు వరసల నట్లుంటాయి. ఒక వరస చక్రాన్ని బండికి పట్టి ఉంచుతుంది, రెండోది రిమ్ ముక్కల్ని కలిపి ఉంచుతుంది. టైరులో గాలి ఉండగా రెండో వరస విప్పితే రిమ్ బాంబులా విడిపోతుంది. గాలి పూర్తిగా తీయనిదే పానా పట్టకూడదు.

సరైన పార్ట్ అని గుర్తుపట్టేదెలా?

అనుభవమున్నవాళ్లు ముందు బండినే చదువుతారు. ఛాసిస్ నంబరు, కాంట్రాక్టు ప్లేటు చూసి ఏ మార్క్, ఏ ఏడాది తయారీ అన్నది తేల్చుకుంటారు. ఎందుకంటే ఒకే పేరున్న వాహనంలో కూడా మార్క్ మారితే భాగాలు మారిపోతాయి. ఆ తర్వాత ఆ మార్క్‌కు సంబంధించిన సచిత్ర విడిభాగాల జాబితా తెరుస్తారు.

అందులో దొరికే అతి ముఖ్యమైన క్లూ నాటో స్టాక్ నంబరు. మొత్తం 13 అంకెలు. మొదటి నాలుగూ అది ఏ రకం వస్తువో చెబుతాయి. 5306 అంటే బోల్టులు, 5310 అంటే నట్లు, వాషర్లు. 2530 అంటే బ్రేక్, స్టీరింగ్, యాక్సిల్, చక్రాల భాగాలు. తర్వాతి రెండంకెలు ఆ నంబరు ఇచ్చిన దేశానివి. బ్రిటన్‌కు 99, భారత్‌కు 72. మిగతా ఏడు అంకెలు ఆ వస్తువువి. అమ్మేవాడు 'ఫెర్రెట్‌దే సార్' అన్నంత మాత్రాన కొనేయకుండా, ప్యాకెట్ మీద ఈ నంబరు చూడాలి.

ఈ నంబర్లతో ఇంకో లాభం ఉంది. రోల్స్ రాయిస్ బీ సిరీస్‌లో నాలుగు సిలిండర్ల బీ40, ఆరు సిలిండర్ల బీ60, ఎనిమిది సిలిండర్ల బీ80 ఇంజిన్లలో చాలా భాగాలు కామన్. ఆస్టిన్ చాంప్ జీపులో బీ40, సారసెన్ ఆర్మర్డ్ వాహనంలో బీ80 వాడారు. కాబట్టి ఫెర్రెట్‌కు కావాల్సిన భాగం వేరే బండి స్టాకులో దొరకొచ్చు. నంబరు కలిస్తేనే సుమా!

లోహం మీద ముద్రలు కూడా మాట్లాడతాయి. బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి మీద బాణం గుర్తుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫోర్డ్ తయారుచేసిన జీపుల్లో బోల్టు తలల మీద కూడా ఇంగ్లిష్ 'ఎఫ్' అక్షరం కొట్టేవారు. ఆ ముద్రలున్న పాత బోల్టును తుక్కులో పడేస్తే, ఆ బండి ఎక్కడ పుట్టిందో చెప్పే సాక్ష్యం పోయినట్టే.

ఇక కొలవాల్సి వస్తే కావాల్సినవి మూడు. వ్యాసానికి వెర్నియర్ కాలిపర్, చుట్లకు థ్రెడ్ గేజ్, కాస్త ఓపిక. 55 డిగ్రీల గేజ్ ఒకటి, 60 డిగ్రీల గేజ్ ఒకటి విడివిడిగా ఉండాలి. పళ్లలో గేజ్ పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, సందు కనిపించిందంటే అది కాదన్నట్టే.

అసలు దొరక్కపోతే?

అప్పుడు లేత్ మీద కొత్తది చేయించుకోవడమే. సైజుతో పాటు ఉక్కు రకం కూడా పాతదానికి సరిపోవాలి. చేసిన కొత్త భాగం మీద కనిపించీ కనిపించనట్టు తేదీ కొట్టి, ఫొటో తీసి, పుస్తకంలో రాసుకోవడం మంచి పద్ధతి. లేదంటే 30 ఏళ్ల తర్వాత ఆ బండి కొన్నవాళ్లు దాన్నే ఒరిజినల్ అనుకుంటారు. పాత గ్యాస్కెట్లు, బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్, చీకట్లో మెరిసే పాత మీటర్లలో రేడియం ఉండొచ్చు. అలాంటివాటిని ఒరిజినల్ కదా అని గీకడం, విప్పడం ప్రమాదం.

బండి నడవాల్సిన పని లేకపోతే లెక్క వేరు. మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్, ఇప్పటి అహిల్యానగర్‌లో ఉన్న కావలరీ ట్యాంక్ మ్యూజియం లాంటి చోట్ల కదలకుండా నిలబెట్టే వాహనానికి తుప్పు పట్టిన పాత బోల్టు ఉన్నా నష్టం లేదు. పైగా అదే చరిత్ర. రోడ్డెక్కే బండికి మాత్రం ముందు భద్రత, తర్వాతే అందం.

టైగర్ 131 విషయంలో బోవింగ్టన్ మ్యూజియం చేసింది కూడా ఇదే. హెచ్‌ఎల్ 230 ఏదో దొరికిందని పెట్టిన ఇంజిన్ కాదు. తొలి 250 టైగర్ల తర్వాత ఫ్యాక్టరీలోనే అన్నింటికీ బిగించిన రకం అది. ఇంజిన్ మార్చిన సంగతి మ్యూజియం దాచలేదు. అగ్నిప్రమాదం జరగకుండా ఇంజిన్ గదిలో మంటలార్పే కొత్త ఏర్పాటు కూడా పెట్టింది. అది 1943 నాటిది కాదు. అయినా ఆ ట్యాంక్ ఈ రోజు కదులుతోందంటే, ఏది పాతది, ఏది కొత్తది, ఎందుకు మార్చారు అన్న మూడు ప్రశ్నలకూ అక్కడ జవాబుంది. షెడ్డులో ఫెర్రెట్ విప్పుకుని కూర్చున్నవాళ్లు కూడా, చేతిలోని బోల్టును బిగించేముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు ఆ మూడే.