లేసు అల్లే చేతులు జాగ్రత్త!
నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు లేసుకి, తిమ్మిరి చేతులకి! ఇంటిపని ముగించి క్రోషా సూది పట్టే సోదరీమణులారా, ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

దారాన్ని చూపుడువేలికి బిగించి చుట్టుకోకండి; వదులుగా జారనివ్వండి. ఒడిలో దిండు పెట్టుకుంటే అల్లిక ఎత్తుకు వస్తుంది, మెడ అంతగా వంగదు. 20 నిమిషాలకోసారి వేళ్ళు చాపి ముడవండి. 20 అడుగుల దూరాన ఉన్న దేనినైనా 20 సెకన్లు చూడండి. 40 ఏళ్ళు దాటాక అల్లిక మసకగా కనిపిస్తే చత్వారం కావచ్చు, కళ్ళు పరీక్ష చేయించుకోండి.

రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా? మణికట్టులో నరం నలుగుతూ ఉండవచ్చు. నూనె మర్దనాలతో కాలం గడపక వైద్యుణ్ణి సంప్రదించండి. ఆలస్యం చేస్తే వేళ్ళ పట్టు తగ్గి, సూదే చేజారుతుంది.