దుముకురాళ్ల సవ్వడి.. ఏనుగుల అలజడి!
* సెలవు రోజున బెంగళూరు తెలుగువారి చూపు కైగల్ వైపు
* జలపాతం దాకా సరే.. అడవి లోపలికి వెళితేనే చిక్కు

వైట్‌ఫీల్డ్: వారమంతా కంప్యూటర్ల ముందు కుస్తీ.. ఆదివారం వస్తే ట్రాఫిక్‌తో కుస్తీ. ఇక్కడి తెలుగువారికి ఇది మామూలే. ఓ పూట అడవిగాలి పీల్చి రావాలంటే కూర్గు దాకా పోనక్కర్లేదు. సరిహద్దు దాటితే మన చిత్తూరు జిల్లాలోనే కైగల్ జలపాతం ఉంది. దూరం సుమారు 100 కిలోమీటర్లే.

బైరెడ్డిపల్లె మండలంలో, పలమనేరు-కుప్పం ప్రధాన రహదారికి కాస్త లోపలగా ఉంటుందీ జలపాతం. స్థానికులు దీన్ని దుముకురాళ్లు అంటారు. సుమారు 40 అడుగుల ఎత్తు నుంచి కైగల్ ఏరు బండల మీదుగా దూకుతుంది. తలకోనంత పెద్దదేమీ కాదు. అయితే వానలు పడ్డాక ఆ హోరు వింటే వచ్చిన శ్రమ మరిచిపోవాల్సిందే. ఎండాకాలంలో వెళ్లి నీళ్లు లేవని తిట్టుకుంటే లాభం లేదు. బండలు నాచుపట్టి జారుతాయి, మడుగులో లోతు తెలియదు. ఈత రాదంటే ఒడ్డునే ఉండటం మేలు.

ఏనుగులు మళ్లీ వచ్చాయి

చుట్టూ ఉన్నది కౌండిన్య అభయారణ్యం. సుమారు 358 చదరపు కిలోమీటర్లు. ఈ అడవుల్లో దాదాపు రెండు శతాబ్దాలుగా కనిపించని ఏనుగులు 1980వ దశకంలో పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. వాటి కోసమే 1990 డిసెంబరులో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అప్పట్నుంచి రైతుకు నిద్ర కరవైంది. మంద దిగిందంటే చెరకు, అరటి, వరి ఏదీ మిగలదు. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. అవీ దాటేస్తున్నాయి.

నష్టం ఒక్క రైతుకే కాదు. 2023 జూన్‌లో పలమనేరు సమీపంలో జాతీయ రహదారిపై కూరగాయల వాహనం ఢీకొని మూడు ఏనుగులు చనిపోయాయి. వాటిలో రెండు పిల్లలు. మనం కార్లలో దూసుకెళ్లేదీ ఆ రోడ్డుమీదే!

మందలను అడవిలోకి మళ్లించడానికి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులు నాలుగింటిని కర్ణాటక ప్రభుత్వం 2025 మే 21న విధానసౌధ వద్ద ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. రంజన్, దేవా, కృష్ణ, అభిమన్యు వాటి పేర్లు. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వీటికి శిబిరం ఉంది. నీళ్ల దగ్గరా, ప్రాజెక్టుల దగ్గరా పేచీ పడే రెండు రాష్ట్రాలు ఏనుగుల విషయంలో ఒక్కమాట మీదకు రావడం విశేషమే.

ఎలా వెళ్లాలంటే..

కారుంటే హొసకోట, కోలారు, ముళబాగిలు, నంగలి మీదుగా సరిహద్దు దాటాలి. రైలైతే వైట్‌ఫీల్డ్‌లో జోలార్‌పేట వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కి, బంగారుపేట మీదుగా కుప్పంలో దిగాలి. అక్కడ్నుంచి వి.కోట మీదుగా పలమనేరు వెళ్లే బస్సు పట్టుకోవచ్చు. తిండి, మంచినీళ్లు వెంట తీసుకెళ్లాలి. ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ కవర్లు తిరిగి తెచ్చేసుకోవాలి. ఏనుగులు తిరుగుతున్నాయని అటవీ సిబ్బంది చెబితే ఆ రోజుకు ప్రయాణం మానుకోవాలి. ఏదేమైనా పొద్దు వాలకముందే మెయిన్ రోడ్డుకు చేరుకునేలా చూసుకోవాలి.