లెక్కకు లొంగని రాగి

నర్సీపట్నంలోనైనా, నరసరావుపేటలోనైనా ఇంటర్ రెండో ఏడాది కెమిస్ట్రీ చదివే పిల్లలు బట్టీపట్టే సూత్రాల్లో అయస్కాంత భ్రామకానిది ఒకటి. జతకూడని ఎలక్ట్రాన్లు ఎన్నో చూసి, ఆ సంఖ్యను దానికి రెండు కలిపిన సంఖ్యతో గుణించి, వర్గమూలం తీయాలి. రెండు ధనావేశాలున్న రాగి అయాన్‌లో అలాంటి ఎలక్ట్రాన్ ఒక్కటే. జవాబు 1.73 బోర్ మాగ్నెటాన్లు.

ఈ లెక్క వెనుక పైకి చెప్పని షరతు ఒకటుంది. ఒంటరి ఎలక్ట్రాన్లన్నీ లోహం దగ్గరే ఉండాలి. దాన్ని చుట్టుకుని ఉండే లైగాండ్లలో, అంటే అమ్మోనియా, నీరు, సయనైడ్ వంటి వాటిలో, ఎలక్ట్రాన్లన్నీ జతలుగానే ఉంటాయి. మరి లైగాండే ఓ ఒంటరి ఎలక్ట్రాన్‌ను వెంటబెట్టుకుని వస్తే?

అలాంటి అణువులనే ఫ్రీ రాడికల్స్ అంటారు. మామూలుగా ఇవి పుట్టిన క్షణంలోనే దేనితోనో చర్య జరిపి మాయమైపోతాయి. కానీ 1900లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో మోజెస్ గోంబెర్గ్ నిలకడగల కర్బన రాడికల్ ఉందని చూపించాడు. తర్వాత సీసాలో పోసి దాచుకోగలిగేంత స్థిరమైన నైట్రాక్సైడ్ రాడికల్స్ కూడా వచ్చాయి. వీటిలోని ఆక్సిజన్ లోహాన్ని పట్టుకోగలదు.

అసలు తమాషా ఇక్కడే. రాగి దగ్గర ఒక ఎలక్ట్రాన్, రాడికల్ దగ్గర ఒకటి. రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోకపోతే భ్రామకం 2.45 వస్తుంది. రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లూ, అంటే వాటి బుల్లి అయస్కాంతాలు, ఒకే దిశలో నిలిస్తే 2.83. ఎదురెదురుగా తిరిగితే సున్నా! అదే రాగి, అదే రాడికల్, జవాబులు మాత్రం మూడు. ఏది వస్తుందన్నది చాలావరకు రాడికల్ ఎటువైపు నుంచి అతుక్కుందన్నదాన్ని బట్టి ఉంటుంది. రాగి చుట్టూ ఒకే తలంలో నాలుగు పొట్టి బంధాలుంటాయి, పైనో కిందో పొడుగు బంధం ఉంటుంది. రాడికల్ పొట్టి బంధంతో చేరితే రెండు ఎలక్ట్రాన్ల ఆర్బిటాళ్లు ఒకదానిమీద ఒకటి పడి, స్పిన్‌లు గట్టిగా ఎదురు తిరుగుతాయి. పొడుగు బంధంతో చేరితే ఆర్బిటాళ్లు లంబంగా ఉండిపోయి, స్పిన్‌లు ఒకే వైపు తిరుగుతాయి, అదీ బలహీనంగా.

ఇది ప్రయోగశాల వింత మాత్రమే కాదు. గెలాక్టోజ్ ఆక్సిడేజ్ అనే శిలీంధ్రపు ఎంజైమ్‌లో రాగి ఉంది. అయినా అది చురుగ్గా ఉన్న స్థితిలో, ఒంటరి ఎలక్ట్రాన్లను పసిగట్టే ఈపీఆర్ యంత్రానికి ఏమీ దొరకదు. రాగిని అంటుకుని ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లం రాడికల్‌గా మారి, రాగి స్పిన్‌ను రద్దు చేసేయడమే కారణం. ఎలక్ట్రాన్లు రెండున్నా లేనట్టే.

కోబాల్ట్ ఇంకో అడుగు ముందుకేసింది. 1980లో బుకానన్, పియర్‌పాంట్ వర్ణించిన ఒక కోబాల్ట్ సంక్లిష్ట సమ్మేళనాన్ని వేడి చేస్తే లైగాండ్ నుంచి ఎలక్ట్రాన్ లోహానికి దూకుతుంది. దాంతో అయస్కాంత ధర్మమే మారిపోతుంది. చల్లబరిస్తే మళ్లీ వెనక్కి.

ఇలా లోహం, రాడికల్ ముక్కల్ని వరసగా అల్లితే శాశ్వత అయస్కాంతం అవుతుందా? అవుతుంది. 1991లో జోయెల్ మిల్లర్, ఆర్థర్ ఎప్‌స్టైన్ బృందం వెనేడియంతో, ఒక కర్బన రాడికల్‌తో గది ఉష్ణోగ్రతలోనే పనిచేసే అయస్కాంతాన్ని చేసింది. పాపం, గాలి తగిలితే పాడైపోతుంది. 2020లో ఫ్రాన్స్‌లోని రొడాల్ఫ్ క్లెరాక్ బృందం క్రోమియం, పైరజీన్ అనే లైగాండ్ కలిసిన జాలకానికి లిథియం సాయంతో ఎలక్ట్రాన్లు ఎక్కించింది. అంతకుముందు మైనస్ 218 డిగ్రీల సెల్సియస్ దాటితే అయస్కాంత క్రమాన్ని కోల్పోయే పదార్థం, ఆ తర్వాత 242 డిగ్రీల దాకా నిలబడింది. ఇంత పెద్ద గెంతు రసాయన శాస్త్రంలో తరచుగా కనబడదు.

దీన్ని మన దగ్గర తయారయ్యే అయస్కాంతాలతో పోల్చి చూడండి. విశాఖలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ప్రాంగణంలో 2023లో జాతికి అంకితమైన అయస్కాంతాల కర్మాగారం తయారుచేసేది సమేరియం-కోబాల్ట్ రకం. వాటికి అరుదైన మృత్తిక లోహం లేనిదే పని జరగదు. క్రోమియం-పైరజీన్ జాలకానికి ఆ అవసరం లేదు, బరువూ తక్కువే. అలాగని రేపే మోటార్లలోకి వచ్చేస్తుందనుకోవద్దు. ఇప్పటికైతే అది ప్రయోగశాల సరుకే.