మయూరశిఖను గుర్తుపట్టడం ఎలా? రాతి సందుల్లోనే ఎందుకు ఉంటుంది?

పై వీడియోలో గుట్ట రాయి సందులో జానెడు మొక్క కనిపిస్తుంది చూడండి, అదే మయూరశిఖ. శాస్త్రీయ నామం ఆక్టినియోప్టెరిస్ రేడియేటా. చూడ్డానికి బుల్లి తాటాకు విసనకర్రలా ఉంటుంది గానీ ఇది ఫెర్న్ అండి. పువ్వు, కాయ, విత్తనం ఏవీ ఉండవు. ముదిరిన ఆకు తిరగేయండి: సన్నటి చీలికల అంచులు లోపలికి మడిచి ఉంటాయి, ఆ మడత కింద సిద్ధబీజాలు గోధుమరంగు గీతల్లా కనిపిస్తాయి. అసలు గుర్తు అదే.

పేరు ఒక్కటే నమ్ముకుంటే మోసపోతాం. కోడిజుట్టు పువ్వు మొక్కని కూడా కొందరు మయూరశిఖ అనే అంటారు. దానికీ దీనికీ సంబంధమే లేదు. మందు కోసం వెతికేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

కొండరాళ్ల పగుళ్లు, పాత కోట గోడలు, సున్నంతో కట్టిన బావులు దీని చోట్లు. అక్కడ తడి తగులుతుంది, నీరు మాత్రం నిలవదు. ఎండాకాలంలో ఆకులు ముడుచుకుని చచ్చినట్టే ఉంటాయి, వాన పడితే మళ్లీ విచ్చుకుంటాయి. సంజీవని పేరుతో అమ్మే సెలాజినెల్లా కూడా ఇలాగే చేస్తుంది, అది వేరే మొక్క.

దయచేసి పీకొద్దు. దుంప సందులో ఇరుక్కుని ఉంటుంది, లాగితే తెగిపోతుంది. తెచ్చి నల్లమట్టి కుండీలో పెడితే నీరు నిలిచి కుళ్లిపోతుంది. ఆకు కావాలంటే కత్తెరతో రెండు కోసుకుని మొదలు వదిలేయండి.