మన చెట్ల ఆకురంగులు: వాటిని ఛాయాచిత్రములలో నిలుపుట

ఛాయాచిత్రకళను గూర్చిన ఆంగ్ల పుస్తకములలో ఆకుల రంగులకు ఒక ప్రకరణము సామాన్యముగా ఉండును. అందలి చిత్రములు చల్లని దేశములవి. అక్టోబరు మాసములో మేపుల్ చెట్లు ఎఱ్ఱబారి, బర్చి చెట్లు పసుపువన్నెకు తిరిగి, కొండలకు కొండలే రంగులద్దినట్లుండును. ఆ ఋతువునకు మనము శరత్తు అని పేరుపెట్టి చెప్పుకొనుచున్నాము. ఆ మాట నమ్మి ఆశ్వయుజ కార్తికములలో కెమేరాతో బయలుదేరినవారికి ఇక్కడ కనబడునది వానలు కడిగిన పచ్చదనమే. అందుచేత మన దేశపు ఆకులకు రంగులే లేవని పలువురు తలంచుచున్నారు. అది పొరపాటు. మన చెట్లును రంగులు మార్చును. కాని వాటి పంచాంగము వేరు. మన ఆకురాలు కాలము శిశిరము. మాఘ ఫాల్గుణములలో మొదలై, ఉగాది దాటువరకు ఈ రంగుల వేడుక సాగును. అదియు ఒక్క విడత కాదు, రెండు విడతలు: వెళ్లిపోవు ఆకు రంగు మొదటిది, వచ్చెడి చిగురు రంగు రెండవది.

ఆకు పచ్చదనమునకు కారణము పత్రహరితము. సూర్యకాంతిని గ్రహించి చెట్టునకు ఆహారము సిద్ధముచేయుటకు తోడ్పడునది ఇదియే. ఇది నిత్యము నశించుచు, నిత్యము తయారగుచు ఉండును. ఆకు రాలు కాలము సమీపించినపుడు చెట్టు దీనిని కొత్తగా తయారుచేయుట తగ్గించి, ఆకులోని నత్రజని, భాస్వరము మున్నగు విలువగల పదార్థములను కొమ్మలలోనికి తీసికొనును. ఇల్లు ఖాళీచేయువారు ముందుగా సామాను తరలించినట్లే ఇది. పచ్చదనము తగ్గగానే, మొదటినుండి ఆకులో దాగియున్న పసుపువన్నె బయటపడును. ఆ పసుపు పదార్థములను కెరోటినాయిడ్లు అందురు. ఎఱుపు సంగతి వేరు. ఆంథోసయనిన్ అను ఎఱ్ఱని పదార్థము అప్పటికప్పుడు తయారై ఆకు రసములో కరిగియుండును. నేరేడుపండు మన నాలుకకు అంటించు రంగును ఈ జాతిదే.

చల్లని దేశములలో పగళ్లు కుఱుచయగుటయు, చలి ముదురుటయు ఈ మార్పును ప్రేరేపించును. మన మెట్ట అడవులలో ముఖ్యకారణము నీటి ఎద్దడి. నేల ఆరినకొలదిని, ఆకులద్వారా పోవు నీటిని పొదుపుచేయుటకు చెట్టు ఆకులను విడుచును. విచిత్రమేమనగా, వానలు రాకమునుపే, ఎండలు ముదురుచుండగనే, ఈ చెట్లలో పెక్కు మరల చిగిర్చును. లోతైన వేళ్లకు అందిన తేమయు, మ్రానులో నిలువయున్న నీరును అందులకు తోడ్పడును. కొత్త చిగురులో పత్రహరితము ఇంకను కుదురుకొనియుండదు. ఎఱ్ఱని పదార్థము మాత్రము నిండుగా నుండును. తీవ్రమైన వెలుగునుండి లేత ఆకును కాపాడుటకే ఈ ఎఱుపు అని కొందఱు శాస్త్రజ్ఞులును, పురుగులను దూరముగా నుంచుటకని మఱికొందఱును చెప్పుచున్నారు.

వెళ్లిపోవు రంగును చూడగోరువారు చిరుమానును చూడవలెను. పొడి కొండవాలులలో పెరిగెడి ఈ చెట్టు దాని జిగురునకు పేరుపొందినది. చలికాలపు చివర దీని చిన్న ఆకులు రాగివన్నెకు తిరుగును. పట్టణవాసులకు బాదముచెట్టు కలదు. సముద్రతీరపు చెట్టే యైనను ఇప్పుడు ఊరూర నున్నది. దాని వెడల్పాటి ఆకు రాలుటకు ముందు పండుమిరపవలె ఎఱ్ఱబడును. ఒకే రెమ్మపై పచ్చ, పసుపు, ఎఱుపు మూడును ప్రక్కప్రక్కనే కనబడుట దాని ప్రత్యేకత.

వచ్చెడి రంగులో మొదటి పీట పుసుగుచెట్టుది. లక్కపురుగును పెంచుటకు వాడు చెట్లలో ఇది ముఖ్యమైనది. హిందీలో దీనిని కుసుమ్ అందురు. ఎండలు మొదలగు దినములలో చెట్టంతయు కెంపువన్నె చిగురు తొడుగగా, దూరమునుండి చూచి పూలని భ్రమపడుదుము. ఇప్పచిగురుది రాగిరంగు, రావిచిగురుది గులాబి కలిసిన రాగి. ఇంటిముందరి వేపయు ఈ వరుసలోనిదే.

కొన్నియేండ్ల క్రిందట నల్లమల అంచున పోవు ఒక రోడ్డు ప్రక్క, నిండు చిగురుతో నిలిచిన పుసుగుచెట్టు మాకు కనబడినది. మిట్టమధ్యాహ్నము బండి దిగి, హడావిడిగా పదునైదు చిత్రములు తీసితిమి. ఇంటికి వచ్చి చూడగా, ఆకులపై తెల్లని మెఱుపులే తప్ప ఎఱుపు లేదు. తిరిగి వెళ్లుటకు మూడు వారములు పట్టినది. అప్పటికి చిగురు పచ్చబడినది. వచ్చే యేడు చూతమనుకొంటిమి. మరుసటి యేడు వెళ్లునప్పటికి, రోడ్డును వెడల్పు చేయుటలో ఆ చెట్టే పోయినది. ఆ పదునైదు చిత్రములే ఇప్పుడు దానికి మావద్దనున్న సాక్ష్యము. అవియు చెట్టు రంగు చెప్పజాలవు. మా పొరపాటు మఱియొకరికి కలుగకుండుటకై ఈ క్రింది సంగతులు చెప్పుచున్నాము.

ఆకుపై మైనమువంటి నునుపైన పొర యుండును. మిట్టమధ్యాహ్నపు వెలుగు దానిపై అద్దముపై వలె తిరిగి కొట్టి, లోపలి రంగును కప్పివేయును. కాబట్టి సూర్యుడు వాలియున్న ఉదయమునగాని, సాయంకాలమునగాని, ఆకు మనకును సూర్యునకును నడుమ నుండునట్లు నిలువవలెను. అప్పుడు వెలుగు ఆకును చొచ్చుకొని వచ్చును; ఆకు దీపమునకు చుట్టిన రంగుకాగితమువలె వెలుగును. ఎండ నేరుగా కటకముపై పడకుండ చేతిని అడ్డు పెట్టవలెను. వెనుక తెల్లని ఆకాశము కాక, నీడలోనున్న కొండగాని, మ్రానుగాని ఉండునట్లు చూడవలెను. చెట్టు మొత్తమును తీయునపుడు పోలరైజింగు ఫిల్టరును మెల్లగా త్రిప్పినచో ఆకుల మెఱుపు తగ్గి రంగు తేలును.

వెనుక చీకటిగా నున్నపుడు కెమేరా మోసపోయి అధికముగా వెలుగు తీసికొనును. ఈనెలు చెరిగిపోయి, ఆకు ఎఱ్ఱని ముద్దగా కనబడును. కావున ఎక్స్‌పోజరును అర స్టాపు మొదలు ఒక స్టాపు వరకు తగ్గించి చూడవలెను. మొబైలు ఫోనులో తెరపైనున్న ఆకును తాకి, వెలుగును తగ్గించుకొనవచ్చును. మఱియొక చిక్కు కలదు. తెలుపును తానే సరిచూచుకొను కెమేరా, చట్రమంతయు ఎఱుపు నిండినపుడు వెలుగే ఎఱ్ఱనిదని పొరబడి, రంగును చల్లార్చును. కెమేరాలో ఆ ఏర్పాటును సూర్యుని గుర్తుపై నిలిపినచో ఈ బాధ తప్పును. రావిఆకు తొడిమ పొడవు. గాలి లేదనిపించినపుడును అది ఆడుచునే యుండును. దానికి సెకండులో 500వ వంతు వేగము మంచిది.

ఇంటికి వచ్చినపిమ్మట రంగును యంత్రముపై ఇంకను పెంచవలెనని చేయి లాగును. అది తగదు. మన పెద్దల కాలపు ఆల్బములలో చాలవరకు నలుపు తెలుపు చిత్రములే. వాటిలో ఎఱ్ఱని చిగురును, పచ్చని ఆకును ఒకే బూడిదవన్నెలో కలిసిపోవచ్చును. వారి పెరటి వేప ఏ దినములలో ఎఱ్ఱగా చిగిర్చినదో ఆ చిత్రములు చెప్పలేవు. మనకు రంగు చిక్కినది. చిక్కిన రంగును కల్తీచేసినచో మన చిత్రములును రేపటివారికి ఏమియు చెప్పలేవు.

అందుచేత ప్రతి ఇంటివారును తమకు దగ్గరనున్న ఒక చెట్టును ఎన్నుకొని, ఒకేచోట నిలిచి, మాఘమునుండి చైత్రము చివరవరకు వారమున కొకసారి చిత్రము తీసి, తేదీయు, స్థలమును, చెట్టు పేరును వ్రాసియుంచుట మంచిది. రెమ్మ విరువ నక్కరలేదు. రక్షితవనములలోనికి అనుమతిలేక పోవ నక్కరలేదు. రోడ్డు అంచునను, గుడి ఆవరణలోను, పాఠశాల ముంగిటను చెట్లున్నవి. పదియేండ్ల చిత్రములు చేరినపుడు, చిగురు ముందునకు జరిగినదో, వెనుకకు జరిగినదో పిల్లలే పోల్చి చెప్పగలరు. చెట్టు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. దాని రంగైనను సరిగా మిగులవలెను. ఈ యేటి చిగురునకు వ్యవధి కొద్ది దినములే యని మాత్రము మఱువరాదు.