గోదా నుండి పంజరమునకు

హర్యానా రాష్ట్రమున బలాలి అను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామమున మహావీర్ సింగ్ ఫోగట్ అను వస్తాదు తన కుమార్తెలకు కుస్తీ నేర్పెను. ఆడపిల్లలు గోదాలోనికి దిగుట తగదని నలుగురును ఆడిపోసుకొనిరి. ఆయన లెక్కచేయలేదు. పెద్ద కుమార్తె గీత 2010లో ఢిల్లీ నగరమున జరిగిన కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణపతకము గెలిచి, ఆ క్రీడలలో కుస్తీయందు స్వర్ణము పొందిన మొదటి భారతీయ మహిళ అయ్యెను. రెండవ కుమార్తె బబిత 2014లో గ్లాస్గో నగరమున అట్టి పతకమునే సాధించెను. వీరిద్దరి కథయే 2016లో ‘దంగల్’ అను హిందీ చలనచిత్రమై దేశమంతట ప్రసిద్ధి కెక్కెను.

మూడవ కుమార్తె పేరు రీతూ. అక్కలకు ఆమె ఏమాత్రమును తీసిపోలేదు. 2016లో సింగపూరున జరిగిన కామన్వెల్త్ కుస్తీ పోటీలలో 48 కిలోల తరగతియందు స్వర్ణమును, 2017లో పోలండు దేశమున ఇరువది మూడేండ్లలోపు వారికి జరిగిన ప్రపంచ పోటీలలో రజతమును గెలిచెను. టోక్యో ఒలింపిక్ క్రీడలకు నిర్ణయించిన గడువు ఇంక ఏడాదిన్నర మాత్రమే ఉండెను. అట్టి సమయమున, 2019లో, ఇరువది నాలుగేండ్ల ప్రాయమున ఆమె కుస్తీని విడిచి, సింగపూరు వెళ్లి, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అను క్రొత్త క్రీడను అభ్యసింప నారంభించెను. ఆ క్రీడకు ఒలింపిక్సులో స్థానము లేదు. అందు భారతదేశమునకు మొదటి ప్రపంచ విజేత కావలెనని ఆమె కోరిక. చిన్ననాటినుండి ఇంటిల్లిపాదియు కలగన్న పతకము నట్లు వదలుకొనుట సామాన్యమైన తెగువ కాదు.

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అనగా మిశ్రమ యుద్ధకళలు. బాక్సింగులోని పిడిగుద్దులు, థాయిలాండు వారి ముయే థాయ్‌లోని మోకాటిపోట్లు, కరాటేలోని కాలిదెబ్బలు, జూడో, జియుజిత్సు విద్యలలోని కీళ్లపట్లు, కుస్తీలోని ఎత్తివేతలు - ఇవన్నియు ఇందు చెల్లును. చుట్టును వలవంటి కంచెగల పంజరమున పోటీ జరుగును. సాధారణముగా ఐదేసి నిమిషముల రౌండ్లు మూడు. ప్రత్యర్థి స్పృహ తప్పినను, ఇక తట్టుకొనజాలడని రిఫరీ ఆపివేసినను, పట్టునకు ఓర్వలేక చేతితో తట్టి ఓటమి నొప్పుకొన్నను పోటీ ముగియును. లేనిచో న్యాయనిర్ణేతలు తీర్పు చెప్పుదురు. కన్ను పొడుచుట, కొరకుట వంటివి నిషిద్ధములు. కావున ఏ కట్టుబాటును లేని వీధికొట్లాటగా దీనిని తలచుట పొరపాటు.

ఈ క్రీడలో మల్లునకు పుట్టుకతో వచ్చినట్టి బలము ఒకటి కలదు. పోటీ నిలుచుండి సాగవలెనా, నేలమీద సాగవలెనా అను నిర్ణయము చాలవరకు అతని చేతిలోనుండును. ఎదుటివాడు గుద్దుటలో ఎంత నేర్పరియైనను, కాళ్లు దొరకబుచ్చుకొని పడవేసి, పైన కూర్చుండినచో వాని గుద్దులకు ఊపు చాలదు. రీతూ తన తొలి పోటీలో చేసినది ఇదియే. 2019 నవంబరులో బీజింగ్ నగరమున దక్షిణ కొరియాకు చెందిన కిమ్ నామ్ హీని పడవేసి, పైనుండి గుద్దులు కురిపింపగా మొదటి రౌండులోనే రిఫరీ పోటీ నాపెను. 2020 ముగియునప్పటికి ఆమె వరుసగా నాలుగు పోటీలు గెలిచెను.

కాని మల్లునికి మేలుచేసిన అలవాట్లే పంజరమున కీడు చేయును. కుస్తీలో గుద్దుటయు, గొంతు బిగించుటయు లేవు. అందుచే మల్లుడు నడుము వంచి, తల ముందునకు చాచి, ఎదుటివాని కాళ్లపైనే దృష్టి నిలుపును. వంగిన ఆ ముఖమునకు పంజరములో మోకాలు ఎదురు వచ్చును. ఇంకను చిక్కైన సంగతి మరొకటి కలదు. భుజములు రెండును నేలకు తాకినచో కుస్తీలో ఓటమి. కనుక వెల్లకిల పడబోవు మల్లుడు ఆలోచింపకయే బోర్లకు తిరుగును. ఏండ్ల తరబడి వస్తాదు చేతి దెబ్బలతో నేర్చిన విద్య అది. పంజరములో బోర్లకు తిరుగుట యనగా శత్రువునకు వీపు నప్పగించుట. వాడు వెనుకనుండి మెడకు చేయి చుట్టి బిగించినచో, తట్టుట తప్ప గత్యంతరము లేదు.

2021 మే నెలలో రీతూ మొదటిసారి ఓడెను. ముగ్గురు న్యాయనిర్ణేతలలో ఇద్దరు ప్రత్యర్థియైన బీ న్గుయెన్ వైపు మొగ్గిరి. ఆ పోటీల వరుసలోనే భారత సంతతివాడైన కెనడా మల్లుడు అర్జన్ భుల్లర్ హెవీవెయిట్ ప్రపంచ బిరుదును గెలుచుకొనుట విశేషము. అతడును 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో కుస్తీ స్వర్ణపతకము పొందినవాడే. రీతూ అధైర్యపడక వెనువెంటనే మూడు పోటీలు గెలిచి, ఆ సంవత్సరము డిసెంబరులో ఎనమండుగురు యోధురాండ్ర పోటీపరంపర చివరిమెట్టు చేరెను. అచ్చట ఎదురైనది థాయిలాండునకు చెందిన స్టాంప్ ఫెయిర్‌టెక్స్. ఈమె ముయే థాయ్‌లోను, కిక్ బాక్సింగులోను ప్రపంచ విజేతగా నిలిచినది. కొట్లాట నేలకు దిగినచో రీతూదే పైచేయి యగునని ఎవరైన తలతురు.

రెండవ రౌండులో రీతూ అనుకొన్నట్లే ఆమెను పడవేసెను. బలాలి గోదాలోనైనచో జనము కేరింతలు కొట్టవలసిన క్షణమది. కాని క్రిందపడిన స్టాంప్ వెల్లకిల పడియుండియే రెండు కాళ్లతో రీతూ మెడను, భుజమును చుట్టివేసెను. పిదప ఒక చేతిని తొడల నడుమ ఇరికించి, నిడుపుగా లాగి, నడుము పైకెత్తెను. ఈ పట్టున మోచేయి వెనుకకు విరుగజొచ్చును. రీతూ ఓటమి నొప్పుకొనక తప్పలేదు. పడవేసిన యామె ఓడెను, పడినయామె గెలిచెను.

కుస్తీలో పడవేయుట గెలుపునకు దగ్గరి మెట్టు. ఈ క్రీడలో అది మరియొక పోరాటమునకు మొదలు. ఈ భేదము మనస్సునకు తెలిసినంత మాత్రమున చాలదు, ఒడలికి తెలియవలెను. అందులకు కాలము పట్టును. అమెరికా మల్లుడు హెన్రీ సెహుడో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఇరువది యొకటవ యేట స్వర్ణము గెలిచినవాడు. అట్టివాడు 2016లో డెమెట్రియస్ జాన్సన్ అను విజేతతో తలపడి, దగ్గరిపట్టులోనే మోకాటిపోట్లు తిని మొదటి రౌండులో ఓడెను. పిమ్మట తన నిలుచు తీరును కరాటే పద్ధతికి మార్చుకొని, దెబ్బ తీయుటయు, తప్పించుకొనుటయు చిన్నపిల్లవానివలె మరల నేర్చెను. 2018 ఆగస్టులో అదే జాన్సన్‌పై గెలిచి ప్రపంచ బిరుదు పొందెను. ఆ తీర్పైనను ఇద్దరొకవైపు, ఒకరొకవైపు.

రీతూకు అట్టి గెలుపు దక్కలేదు. 2022 సెప్టెంబరులో సింగపూరునకు చెందిన టిఫనీ టియో వెనుకనుండి మెడ బిగించి ఆమెను మొదటి రౌండులోనే ఓడించెను. రెండేండ్లకు పైగా విరామము తరువాత 2025 ఫిబ్రవరిలో ఖతార్ దేశమున ఆమె మరల పంజరమున నిలిచెను. ఆనాటి ప్రత్యర్థి జపానునకు చెందిన జూడో విదుషి అయాకా మియురా. అప్పుడును పోటీ మొదటి రౌండులోనే, చేతిని మెలివేసిన పట్టుతో ముగిసెను. ఆనాటికి రీతూ గెలిచినవి ఏడు, ఓడినవి నాలుగు. ఓడిన నాలుగింటిలో మూడు, ఆమె బాల్యమునుండి నమ్ముకొన్న పట్ల పోరులోనే ముగిసినవి.